అక్క కట్టిన ముడులు

అక్కకూ నాకూ ఏడాదిన్నర తేడా. భువనగిరి పక్క పల్లెలో, ఒకే చాప మీద కూర్చుని ఇద్దరమూ చిటికి కట్టడం నేర్చుకున్నాం. రంగు వేయకముందు, చీరలో తెల్లగా ఉండాల్సిన చోటల్లా నూలుకు రబ్బరు పట్టీ చుట్టి ముడి బిగిస్తాం. అదే చిటికి. ఒక్క ముడి మరిచినా రంగు అక్కడికి పాకుతుంది, ఎంత ఉతికినా పోదు.

అక్క కూర్చుంటే పొయ్యి మీద అన్నం మాడినా తలెత్తదు. నేను పది ముడులు వేసేలోపు మూడుసార్లు లేస్తాను. అవ్వ నన్ను కాలుగాలిన పిల్లి అనేది. అయినా నా చిటికిలో తప్పు వచ్చిందని ఎవరూ అనలేదు. అదొక్కటే నా గర్వం.

అక్క టీచరు ట్రైనింగుకు మహబూబ్‌నగర్ వెళ్లిన నెలలోనే ఆ గర్వం కాస్తా పోయింది. రంగు ఆరాక ముడులు విప్పితే, ఎర్ర నూలు మీద తెల్ల ఏనుగులు వరుసగా నిలబడాలి. వాటిలో నాలుగు ఏనుగులకు కాళ్లు లేవు.

బాపు తిట్టలేదు. "చిన్నప్పటిసంది మంచిగనే కడ్తివి గద బిడ్డా. ఇప్పుడు మనసు వెడ్తలేవు. ఇగ చిటికి ఇడిసిపెట్టు, టౌన్ల బట్టల దుకాణంల చేరు" అన్నాడు. తిడితే ఎదురు తిరిగేదాన్ని. ఆ పని తప్ప నాకు ఇష్టమైనది ఇంకొకటి లేదు. ఇల్లంతా వినేట్టు ఏడ్చాను.

సెలవుకు వచ్చిన అక్క, ట్రైనింగులో నాలాంటి పిల్లల గురించి చదివానంటూ, నన్నూ బాపునూ హైదరాబాదులో దవాఖానకు తీసుకెళ్లింది. డాక్టరు చాలాసేపు అడిగి, "ఈ నిలకడలేమి చిన్నప్పటి నుంచీ ఉంటేనే ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవని సమస్య, అనుకుంటాం. లేదంటే వేరే కారణం వెతకాలి" అన్నాడు.

"చిన్నప్పుడు నేను ఒక్క తప్పు చెయ్యలే" అన్నాను. పౌరుషం ఎక్కడ చూపించాలో నాకెప్పుడూ తెలియదు. బాపు కూడా అవునన్నట్టు తలూపాడు.

అక్క నేల చూపులు చూస్తూ నోరు విప్పింది. "చేసింది సార్. రోజుకు పదో ఇరవయ్యో ఇడిసిపెడుతుండె. అది ఆడుకోవోయినంక నేను కడుతుంటి."

"ఎన్నేండ్లు?" అన్నాడు బాపు.

"నేను ట్రైనింగుకు పొయ్యేదాక."

ముందు కోపమే వచ్చింది. నాదనుకున్న గర్వం కూడా అక్కదేనా! తిరుగు బస్సులో అడిగేశాను, "ఎందుకు చెప్పలేదే?"

"చెప్తె నువ్వు చాప మీదికెల్లి లేసిపోతుంటివి. నువ్వు పక్కన లేకుంటె నాకు పని తోచది."

అక్క భుజం మీద తలపెట్టి ఇంటిదాకా అట్లాగే వచ్చాను. ఆమెకు నేను ఎంత రుణపడ్డానో ఆ రోజు తెలిసింది.

తెల్లారి బాపు చాప పరిచి, నా నూలు ముందు పెట్టి, అక్క కూర్చునే చోట తను కూర్చున్నాడు. "పది కట్టినంక లేసి తిరిగిరా. ఇడిసినయి నేను జూపిస్త, నువ్వే కట్టు" అన్నాడు. మందులు వాడుతున్నాను. ముడులు ఇప్పటికీ వదిలేస్తాను, కాని వాటిని మళ్లీ నా చేత్తోనే కడుతున్నాను.

కాళ్లులేని ఏనుగుల నూలును బాపు అట్లాగే నేశాడు. ఆ చీరను అక్క అమ్మనివ్వలేదు. టీచరుగా బడికి వెళ్లిన మొదటి రోజు అదే కట్టుకుంది.