మేడమీద కవ్వళ్ళ పులుసు

రాణిది విశాఖ పక్కన సముద్రం ఒడ్డున యారాడ. వాళ్ళ నాన్న అప్పలరాజు వేటకు వెళ్తాడు, అమ్మ ఆ చేపల్ని గంపలో పెట్టుకుని విశాఖలో అమ్ముతుంది. మాది రాజాం దగ్గర పల్లెటూరు, వ్యవసాయం. విశాఖలో ఒకే కాలేజీలో డిగ్రీకి చేరిన ఏడాది మేమిద్దరం సీతమ్మధారలో ఒక గది తీసుకున్నాం. రోజూ కొండ దాటి బస్సులో రావడం కష్టమని రాణి, హాస్టల్లో సీటు దొరక్క నేను.

మొదట్లో ఎవరి తిండి వాళ్ళదే. రాణి అన్నం, ఏదో ఒక కూర వండుకునేది. నాకు వంట రాదు, నేర్చుకునే ఓపికా లేదు. పొద్దున టీ, బిస్కెట్లు, మధ్యాహ్నం కాలేజీ బయట పునుగులు, రాత్రి నూడుల్స్. రాణి రమ్మని పిలిస్తే తినేశానని అబద్ధం చెప్పేదాన్ని. తను తెచ్చుకునేదే తక్కువ, అందులో వాటాకి వెళ్ళడం సిగ్గనిపించేది.

చలికాలంలో ఒకరోజు ల్యాబులో నిలబడినదాన్ని నిలబడినట్టే పడిపోయాను. ఆసుపత్రిలో పరీక్ష చేసి రక్తం బాగా తక్కువగా ఉందన్నారు. మాత్రలు రాసిచ్చి, తిండి మార్చుకోమన్నారు. మర్నాటి పొద్దున్నే నాన్న దిగిపోయారు.

"సదువు ఎక్కడికీ పోదు. ముందు మనిషి ఉండాల. బట్టలు సద్దుకో," అన్నారు గుమ్మంలోనే.

నేను ఏడుస్తూ సంచీ తీశాను. స్టౌ దగ్గర కూర్చున్న రాణి లేచి వచ్చింది.

"బాబాయ్, ఇప్పుడు తీసుకెల్లిపోతే దీన్ని మల్లీ పంపరు. మా యీదిలో ఇద్దరు ఆడపిల్లలు అలాగే ఆగిపోనారు."

"నీ పేరేటమ్మా?"

"రాణి. ఉగాది దాకా ఉంచండి. నాను అన్నం పెడతాను. అప్పుడు మల్లీ రక్తం సూపిద్దాం. పెరక్కపోతే నానే బస్సెక్కించి పంపుతాను."

"నీకెందుకు తల్లీ ఇంత బరువు?"

"ఒక్కదాన్నే కూకుని తింటంటే నాకూ సయించట్లేదు బాబాయ్."

నాన్న మంచినీళ్ళు అడిగి తాగారు. "సరే, ఉగాది దాకా," అని వచ్చిన బస్సుకే వెళ్ళిపోయారు. వారం తిరక్కుండా మా ఊరివాళ్ళ చేత చోళ్ళ పిండి, అదే రాగిపిండి, ఉలవలు, బెల్లం పంపించారు.

అవి చూసి రాణి తెల్లమొహం వేసింది. దానికి చేపలు తప్ప వేరే వంట పెద్దగా తెలియదు. నానబెట్టకుండా ఉడికించిన ఉలవలు పంటికింద రాళ్ళలా తగిలాయి. అంబలి అడుగంటింది. మా అమ్మకి ఫోన్ చేసి, తను చెబుతుంటే నేను కలిపాను. అలా నాకూ వంట అబ్బింది.

సాయంత్రం రైతుబజారు సర్దేసే వేళకి వెళ్ళేవాళ్ళం. తోటకూర, గోంగూర, మునగాకు అప్పుడు చవగ్గా వచ్చేవి. బేరం రాణి చూసేది, సంచీ నేను మోసేదాన్ని. పొద్దున అంబలి, కాలేజీకి అన్నం, పప్పాకుకూర, చేతిలో ఒక జామకాయ. రాత్రి ఉలవలో, ఒక గుడ్డో. నేను తినేదాకా రాణి ఎదురుగా కదలకుండా కూర్చునేది.

ఆదివారం రాణి వాళ్ళమ్మ కవ్వళ్ళు ఇచ్చి వెళ్ళేది. చిన్న చేపలు, చవక, రుచి మాత్రం చెప్పలేం. మొదటిసారి వండినప్పుడు ఇంటాయన శివరామకృష్ణగారు తలుపు కొట్టారు. వాళ్ళింట్లో నీచు ముట్టరు.

"ఏమ్మా, చేపలా?"

రాణి దాచలేదు. "అవునండి. దీని ఒంట్లో రక్తం లేదండి. అందుకని పెడతన్నాను."

ఆయన నా మొహం వైపు చూశారు. పాలిపోయి ఉంది కాబోలు. "గదిలో వద్దు. మేడమీద వండుకోండి, గాలికి పోతుంది. ముందు మా బట్టలు తీసి మడతపెట్టండి, వాటికి వాసన పడుతుంది," అన్నారు.

అప్పట్నించి ఆదివారాలు మేడమీదే. ఆరిన బట్టలు మడతపెట్టి, నీళ్ళ ట్యాంకు చాటున స్టౌ వెలిగించేవాళ్ళం. దూరంగా డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపించేది. "ఆ కొండ ఎనకాలే మా ఇల్లు," అనేది రాణి. అంత దగ్గర్లో ఇల్లు పెట్టుకుని కూడా దానికి బెంగే. ఆ మాట అని పులుసు కలుపుతూ అటే చూసేది. 

ఉగాది ముందు ఆసుపత్రికి వెళ్ళాం. ఆ పొద్దున రాణి ముద్ద ముట్టలేదు. పరీక్ష కాగితం వచ్చాక డాక్టరమ్మ చూసి, "బాగా పెరిగింది, ఇలాగే తిను. మాత్రలు మాత్రం మానకు," అంది. రాణి అక్కడే బెంచీ మీద కూలబడి చున్నీతో మొహం తుడుచుకుంది. అది ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే.

నాన్న వచ్చినప్పుడు రాణి ఆ కాగితం ఆయన చేతిలో పెట్టింది. ఆయనకి ఇంగ్లీషు రాదు. అయినా పైనుంచి కిందదాకా చూసి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. మేడమీద మాతోపాటు కూర్చుని పులుసన్నం తిన్నారు.

"ఉప్పు కాస్త ఎక్కువైనాది," అన్నారు చెయ్యి కడుక్కుంటూ.

"మూడోసారి ఏసుకున్నాక తెలిసిందా బాబాయ్?" అంది రాణి. నాన్న అంతగా నవ్వడం నేను ఇంట్లో కూడా చూడలేదు.

డిగ్రీ పూర్తయ్యేదాకా ఆ గదిలోనే ఉన్నాం. తర్వాత నాకు పాలకొండలో టీచరుద్యోగం వచ్చింది. రాణికి ఇంకా చదవాలని ఉండేది, కానీ ఇంట్లో తమ్ముళ్ళ చదువులు మొదలయ్యాయి. హార్బర్ దగ్గర రొయ్యల కంపెనీలో చేరింది. ఇప్పుడక్కడ సూపర్‌వైజరు.

పోయినేడు యారాడలో దాని పెళ్ళి. నాన్న పట్టుబట్టి నాతో వచ్చారు. "మా బాబాయ్," అని అత్తవారికి రాణి పరిచయం చేస్తే, ఆయన కండువా సర్దుకుని వాళ్ళ మధ్యన కూర్చున్నారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సు కొండ దిగుతుంటే సాయంత్రపు వెలుగులో ఊరంతా కనిపించింది. సీతమ్మధార ఎటో వెతికాను. ఇన్ని మేడల్లో మాది ఏదో తెలియలేదు. ఆ గదిలో ఇప్పుడు ఎవరుంటున్నారో, పొద్దున ఏం తిని కాలేజీకి వెళ్తున్నారో అనుకున్నాను. పక్కన నాన్న నిద్రపోతున్నారు.