ఇళ్లు పడుకుని చూసే మామయ్య

పడక మామయ్య ఏ ఇంటినీ నిలబడి చూడడు. అమ్మకానికున్న ఇంట్లో అడుగు పెట్టగానే చంకలోని పాత దుప్పటి తీసి హాల్లో నేల మీద పరుస్తాడు. వెల్లకిలా పడుకుని, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, కప్పుకేసి చూస్తాడు. హాలు అయ్యాక పడగ్గది, పడగ్గది అయ్యాక వంటిల్లు. గదికి పావుగంట. ఆ పావుగంటలో ఇల్లుగలవాళ్లు తమ ఇంటి గొప్పలు ఎన్ని చెప్పినా చెవిన పెట్టడు.

"మీరు చెప్పేది తర్వాత వింటాను. ముందు ఇల్లేం చెబుతుందో విననివ్వండి," అంటాడు.

ఈ జ్ఞానం ఆయనకి బస్సుల కింద కలిగింది. ముప్పై ఒక్క ఏళ్లు డిపోలో మెకానిక్. బస్సుని ఎదురుగా నిలబడి మెచ్చుకునేవాడు ప్రయాణికుడు, కింద దూరి తిట్టుకునేవాడు మెకానిక్ అని ఆయన సిద్ధాంతం. రిటైరయ్యాక బస్సులు పోయాయి గానీ పడక పోలేదు. చుట్టాల్లో ఎవరు ఇల్లు కొనాలన్నా ఆయన్ని వెంటబెట్టుకుపోవడం, ఆయన పడుకోవడం, ఆయన పక్కనే బేరం కూడా పడుకోవడం మామూలైపోయింది. అసలు పేరు పెన్షను కాగితాల్లో ఉంది. మిగతా అందరికీ ఆయన పడక మామయ్యే.

ఒకసారి ఆసుపత్రిలో ఉన్న తోడల్లుణ్ణి పలకరించడానికి వెళ్లి, పక్కనున్న ఖాళీ మంచం మీద నడుం వాల్చి వార్డు కప్పు చూస్తున్నాడు. నర్సు వచ్చి చేతికి రబ్బరు గొట్టం కట్టి రక్తం తీసుకుపోయింది.

"రోగిని కాదని చెప్పొద్దుటండీ?" అని అత్తయ్య తల పట్టుకుంది.

"చెమ్మ ఎక్కణ్ణుంచి దిగుతోందో అప్పుడే అంతు చిక్కుతోంది. మాటల్లో పడితే పోతుందని ఊరుకున్నా," అన్నాడు మామయ్య.

ఇటువంటి మామయ్యని మేనకోడలు కోరి పిలిచింది. ఆమె, ఆమె భర్త టైలరింగు షాపు నడుపుతారు. షాపూ కాపురమూ ఒకే అద్దె ఇంట్లో. ఆ ఇల్లు అమ్ముడైంది, మూడు నెలల్లో ఖాళీ చేయమన్నారు. అద్దె ఇళ్లు మారీ మారీ విసిగి, ఈసారి సొంతదే కొందామనుకున్నారు. ముందుగదిలో సాయంత్రం ఐదింటికి కూడా నల్లగుడ్డ మీద నల్లదారం కనబడాలి. ఆమె కోరిక అదొక్కటే.

"మామయ్యని మాత్రం పిలవకు," అన్నాడు భర్త మెల్లగా. "ఊళ్లో ఇళ్లు అయిపోతాయి."

మొదటి ఇల్లు మూడో అంతస్తులో. మామయ్య దుప్పటి పరిచి పడుకునేసరికి ఇంటావిడ చేతిలోని గ్లాసు వదిలేసింది. "ఏమండీ, ఈయన పడిపోయారు," అని భర్తని కేకేసి, మామయ్య ముఖాన నీళ్లు చల్లింది. పక్కింటివాళ్లు విసనకర్రతో సహా వచ్చారు.

మామయ్య తడిసిన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "నాకేం కాలేదమ్మా. మీ పై ఇంటివాళ్ల బాత్రూంకే అయింది. అదిగో, ఆ మూల మాత్రం కొత్తగా రంగు వేయించారు. గదంతా పాత రంగుండి ఒక్క మూల కొత్తగా మెరుస్తోందంటే అక్కడేదో కారుతోందన్నమాట."

ఇంటాయన కప్పుకేసి కాకుండా భార్యకేసి చూశాడు. ఆవిడ నేలకేసి చూసింది.

రెండో ఇల్లు చల్లగా, నిశ్శబ్దంగా, గుడిలా ఉంది. మేనకోడలికి నచ్చింది. "బుధవారం మళ్లీ వస్తాం," అన్నాడు మామయ్య. బుధవారం వచ్చి పడుకున్నాడు. పది నిమిషాలకి నేల సన్నగా వణికింది, తర్వాత దుప్పటి వణికింది, తర్వాత మామయ్య పొట్ట వణికింది. కింది వాటాలో పేపర్ ప్లేట్లు చేసే మెషిను.

"ఆదివారం ఎంత ప్రశాంతంగా ఉందండీ," అన్నాడు ఇళ్లు చూపిస్తున్న బ్రోకరు నొచ్చుకుంటూ.

"ఆదివారం ఏ మెషినైనా ప్రశాంతంగానే ఉంటుంది. మా అమ్మాయి వారానికి ఏడు రోజులుంటుంది."

మూడో ఇంట్లో గుమ్మం నుంచే మల్లెపూల సెంటు గుప్పుమంది. మామయ్య తిన్నగా వంటింటి వెనక గిన్నెలు తోమే చోటుకి పోయి, తూముకి ముక్కు ఆనేలా పడుకున్నాడు. మేనకోడలు సిగ్గుతో చీర కుచ్చిళ్లు లెక్కపెట్టుకుంది. లేచాక మామయ్య ఇల్లుగలాయన భుజం మీద చెయ్యి వేశాడు. "సెంటు కొట్టకండి బాబూ. ఇంట్లో ఏదో దాస్తున్నారని వీధి చివరికే తెలిసిపోతోంది. తూము జాలీ మార్చి, వచ్చినవాళ్లకి మార్చామని చెప్పండి, చాలు."

ఏడో ఇంటికి బ్రోకరే ఒక దిండు పట్టుకొచ్చాడు.

"దిండొద్దు నాయనా, నిద్రొస్తుంది," అన్నాడు మామయ్య.

ఎనిమిదో ఇల్లు చూడగానే మేనకోడలి మనసు అక్కడే ఉండిపోయింది. ముందు వరండాకి రెండు వైపులా గ్రిల్లు, నేలంతా వెలుతురు. కుట్టుమిషను ఎక్కడ పెట్టాలో, కొలతలకొచ్చిన వాళ్లు ఎక్కడ కూర్చోవాలో నిలబడ్డచోటే నిర్ణయించేసుకుంది. ఇల్లుగలావిడ లైబ్రరీలో పనిచేస్తుంది. పదో తరగతి చదివే కూతురితో ఉంటోంది. అడిగినదానికి మించి మాట్లాడని మనిషి. పదకొండేళ్లపాటు ఒక్కో గదే కట్టుకుంటూ వచ్చిందట. చెప్పిన ధర మాత్రం ఆ వీధిలో ఎవరూ చెప్పనంత తక్కువ.

మామయ్య రెండో గదిలో పడుకున్నాడు. గోడకి ఆనించి ఎత్తైన పుస్తకాల బీరువా ఉంది. ఆయన తల పక్కకి తిప్పి దాని కింద చాలాసేపు చూశాడు.

"అమ్మాయ్, నువ్వూ మీ ఆయనా బ్రోకరుగారితో డాబా మీదకెళ్లి నీళ్లట్యాంకు చూసి రండి. తాపీగా చూడండి."

ట్యాంకులో చూడ్డానికేముంది, ట్యాంకంత ఖాళీ ఉంది. ఆమె డాబా మీద నాలుగు వైపులా తిరిగి, తడిపిన గుడ్డలు ఆరేసుకోవడానికి తీగ ఎక్కడ కట్టాలో కూడా చూసుకుని దిగింది. దిగేసరికి మామయ్య ఇంకా పడుకునే ఉన్నాడు. లైబ్రరీ ఆవిడ ఆయన పక్కన నేల మీద చతికిలబడి కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

మామయ్య లేచి దుప్పటి మడిచాడు. "పదమ్మాయ్. ఈ ఇల్లు మనకొద్దు."

వీధిలోకొచ్చాక ఆమె ఆగిపోయింది. "ఎందుకొద్దు? కప్పు కారుతోందా?"

"లేదు."

"డ్రైనేజీ బాగాలేదా?"

"బాగుంది."

"మరి?"

"నెల్లాళ్లు ఆగు, చెప్తాను."

"నాకు మిగిలిందే నలభై రోజులు మామయ్యా. నీకిది కాలక్షేపం. నాకు కాదు."

మామయ్య దుప్పటి చంకలో సర్దుకుని బస్టాపు వైపు నడిచాడు. ఆయనకి ఎదురు మాట్లాడటం ఆమెకి అదే మొదలు. ఆ రోజు కుట్టిన జాకెట్టుకి రెండు చేతులూ కుడివే కుట్టింది.

తర్వాత ఆయన్ని పిలవలేదు. భర్తతో కలిసి నాలుగు ఇళ్లు చూసింది, నిలబడే. కానీ గుమ్మం దాటగానే మెడ దానంతటది పైకి లేచేది. ఒక్క మూలకే కొత్త రంగుందా, కింద ఎవరుంటారు, నీళ్లు ఎన్నింటికి వస్తాయి అని ఆరాలు తీసేది. "బాగుంది, వర్కింగ్ డే ఒకసారి మళ్లీ వస్తాం," అనేది.

"ఇంక దుప్పటి ఒక్కటే తక్కువ," అన్నాడు భర్త. ఆమె నవ్వలేదు. నాలుగిళ్లూ కాదనుకుంది.

ఐదు వారాలు గడిచాయి. వానలు మొదలై నాలుగు రోజులుగా తెరిపివ్వలేదు. గడువు ఇంకో ఐదు రోజులుంది. ఆదివారం పొద్దున ఆమె గొడుగు వేసుకుని ఒక్కతే లైబ్రరీ ఆవిడ ఇంటికి బయల్దేరింది. మామయ్య కాదన్నా సరే, ఆ ఇంటికే మాటిచ్చేద్దామని.

తలుపు తీసే ఉంది. గుమ్మం పక్కన మామయ్య చెప్పులు కనబడ్డాయి.

రెండో గదిలో బీరువా పక్కకి జరిపి ఉంది. గోడ మీద కిటికీ మూల నుంచి కప్పు దాకా ఒక బీట. మామయ్య దాని కింద వెల్లకిలా పడుకుని టార్చి పట్టాడు. లైబ్రరీ ఆవిడ స్టూలెక్కింది. బీటకి అడ్డంగా మూడుచోట్ల కాగితాలు అంటించి ఉన్నాయి. లైబ్రరీ పుస్తకాల్లో అంటిస్తారే, తిరిగివ్వాల్సిన తేదీ వేసే చీటీలు, అవే. ప్రతి చీటీ మీదా ఐదేసి తేదీ ముద్రలున్నాయి, అన్నీ ఆదివారాలే.

"ఎక్కడైనా చిరిగిందామ్మా?"

"లేదన్నయ్యగారూ. ముడత కూడా పడలేదు."

"ఇంత వానకీ పడలేదంటే ఇక గోడ కదలట్లేదు," అని మామయ్య టార్చి ఆర్పి తల తిప్పాడు. మేనకోడలి పాదాలు కనబడ్డాయి, తర్వాత గొడుగు, తర్వాత ముఖం. "వచ్చావా. కూర్చో," అన్నాడు, తన ఇంట్లో ఉన్నట్టే.

చెప్పింది లైబ్రరీ ఆవిడే. వేసవిలో బీట కనబడితే తెలిసిన కాంట్రాక్టరు చూసి, పునాది కుంగింది, వానలొస్తే గోడ నిలవదు అన్నాడట. ఆవిడ హడలిపోయి, బీరువా అడ్డం పెట్టి, వచ్చినకాడికి అమ్మేసి కూతుర్ని తీసుకుని వెళ్లిపోదామనుకుంది.

"బీరువా కింద నేల మీద ఈడ్చిన గీతలు అన్నయ్యగారికి కనబడ్డాయి. ఒక్క ప్రశ్న వేశారు. 'భయపడి అమ్ముతున్నావా తల్లీ' అని. ఎవరూ అడగలేదు నన్నలా."

"నేను బస్సులవాణ్ణి. గోడల మీద నా మాట చెల్లదు," అన్నాడు మామయ్య. "అందుకని ఇంజనీరుని తీసుకొచ్చా. డాబా మీద వాననీళ్లు తిన్నగా గోడ మొదట్లోకే పడుతున్నాయి, అక్కడ మట్టి మెత్తబడి ఒకసారి కొంచెం దిగింది, అంతే అన్నాడాయన. ఆ నీళ్ల గొట్టం గోడకి దూరంగా తిప్పించాం. ఇంకా దిగుతుందో లేదో తేల్చుకోవాలంటే ఇలా కాగితం అంటించి వానలు చూడమన్నాడు."

"నాకు ముందే చెప్పొచ్చుగా, మామయ్యా."

"చెప్తే ఏం చేసేదానివి?"

ఆమె నిజంగానే ఆలోచించింది. గుండీల దగ్గర కూడా బేరమాడే మనిషి తను. బీటుందంటే ఇంకొంచెం తగ్గించమని అడిగి ఉండేది.

మామయ్య లేచి కూర్చున్నాడు. "కాగితం చిరిగిందనుకో, ఈ ఇల్లు నీకు పనికిరాదు. చిరక్కపోతే ఈవిడ అమ్మక్కర్లేదు. ఎలా చూసినా ఇది మనది కాదమ్మాయ్. తీరా కొనుక్కున్నాక ఈవిడ ఉత్తి భయంతో ఇచ్చేసిందని తెలిస్తే, ఆ వరండాలో నీకు సూదిలో దారం ఎక్కేది కాదు. నిన్నెరగనా నేను."

కిటికీ అవతల కొత్త గొట్టంలోంచి వాననీళ్లు గోడకి దూరంగా పడుతున్నాయి. బుధవారం మళ్లీ వస్తామన్న మనిషి, కొనే ఇంటి విషయంలోనే కాదు, వద్దన్న ఇంటి విషయంలోనూ మళ్లీ వస్తాడని ఆమెకి తట్టనే లేదు.

మామయ్య గడియారం చూసుకుని దుప్పటి మడవసాగాడు. "పదకొండింటికి ఆ మూడో అంతస్తు వాళ్లింటికి వెళ్లాలి. పై ఇంటివాళ్లు దారికొచ్చారు. ప్లంబరుని రమ్మన్నా."

"ఆ ఇల్లు మనం వద్దన్నాం కదా?"

"మనం వద్దన్నాం. వాళ్లు అందులోనే ఉన్నారు కదా."

లైబ్రరీ ఆవిడ టీ తెచ్చి, మేనకోడలి పక్కన కూర్చుని అడిగింది. "మీకు వెలుతురున్న గది కావాలి, అంతేగా? వెనక వీధిలో మా లైబ్రరీ పుస్తకాలు బైండింగు చేసే ఆయన ఉన్నాడు. ఇల్లు అమ్ముదామనుకుంటున్నాడు, ఇంకా బ్రోకరుకి చెప్పలేదు. ఆయన పనిగదికి మూడు కిటికీలు."

మర్నాడు మామయ్యతో కలిసి వెళ్తే, బైండింగాయన నేరుగా విషయానికొచ్చాడు. "వానల్లో మెట్ల కింద చెమ్మొస్తుంది. వంటింటి కిటికీ బిగుసుకుంటుంది. ఎదురింటి కుక్క తెల్లారగట్ల మొరుగుతుంది. ఇవన్నీ చెప్పే అమ్మమని లైబ్రరీ అమ్మగారు చెప్పారు." మామయ్య గదికి పావుగంట చొప్పున పడుకుని, నాలుగో లోపం వెతికి, దొరక్క లేచాడు. పాత దస్తావేజులు లాయరు చూశాడు. రిజిస్ట్రేషను అయ్యేదాకా అద్దెకుండమన్నాడు బైండింగాయన. మిషన్లు రెండూ మూడు కిటికీల మధ్య కుదిరాయి. నల్లగుడ్డ మీద నల్లదారం ఐదున్నరకి కూడా కనబడింది.

మెట్ల కింద చెమ్మ బాగుచేసిన మేస్త్రీ పనిమంతుడు. అతని ఫోను నంబరు మామయ్యకి ఇద్దామని మేనకోడలు ఓ మధ్యాహ్నం ఆయనింటికి వెళ్లింది. బయట వాన. వంటింట్లో అత్తయ్య ఒక చేత్తో గరిటె తిప్పుతోంది, రెండో చేత్తో పొయ్యి మీద గొడుగు పట్టుకుంది. కప్పు నుంచి చుక్క చుక్క కారుతోంది.

"ఇదేంటత్తయ్యా?"

"ఊళ్లో ఇళ్ల కప్పులన్నీ చూస్తారు కదమ్మా మీ మామయ్య. ఈ కప్పు కూడా కాస్త చూడమని నేను అడగని రోజు లేదు."

"చూడడా?"

"ఎందుకు చూడరు? అడగ్గానే పాపం దుప్పటి వేసుకుని ఇక్కడే పడుకుంటారు," అంది అత్తయ్య, గరిటెతో పొయ్యి పక్కనున్న నేల చూపిస్తూ. "మన ఇల్లు కదా, రెండు నిమిషాల్లో నిద్ర పట్టేస్తుంది."

మేనకోడలు తొంగిచూసింది. మామయ్య రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, నోరు తెరిచి, హాయిగా గురక పెడుతున్నాడు. ఆమె ఆయన్ని లేపలేదు. వరండాలోకి వచ్చి మేస్త్రీకి ఫోను చేసి, నిచ్చెన తీసుకుని మెల్లగా రమ్మంది.