దుర్గ మొండిది కాదు

మా మూడో తరగతి దుర్గకి ఎనిమిదేళ్ళు. ఏదడిగినా నేల చూపులు చూస్తుందని, మొండిపిల్ల అని అందరం తేల్చేశాం, నాతో సహా. ఈ రోజు ఉదయం "ఈ సుద్దముక్కల పెట్టె హెడ్మాస్టరు గారికిచ్చి, హాజరుపట్టీ అడిగి తీసుకురా" అన్నాను. పెట్టె పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. కసరబోయి, ఎందుకో ఆగి, ఒక్కో పనీ విడిగా చెప్పాను. రెండూ చక్కగా చేసుకొచ్చి "పట్టీ... సారు... ఇచ్చేరు" అంది. వెనకనుంచి మెల్లగా పిలిస్తే వెంటనే తిరిగింది కూడా, అంటే చెవులు బాగానే వినిపిస్తున్నాయి.

సాయంత్రం కొబ్బరిపీచు పని నుంచి వచ్చిన వాళ్ళమ్మతో చెప్పాను. "ఇది మొండితనం కాదమ్మా. రెండు పనులు కలిపి చెబితే అందట్లేదు, వయసుకి తగ్గ మాటా రాలేదు. కాకినాడ పెద్దాసుపత్రిలో చూపిద్దాం."

"వాళ్ళ నాన్నకీ మాటలు ఆలస్యమేనండి."

"ఎనిమిదేళ్ళొచ్చాక ఇంకా ఎదురుచూడకూడదమ్మా."

ఆవిడ పక్కనే ఉన్న దుర్గ వైపు తిరిగింది. "అయితే పలకట్లేదని ఇన్నాళ్ళూ దీన్ని ఊరికే కొట్టేనాండి?" అంటూ దుర్గని దగ్గరికి లాక్కుంది.

ఎల్లుండి ముగ్గురం బస్సెక్కుతున్నాం. దుర్గ మాట్లాడుతుంది, నాకు నమ్మకముంది. పదిహేనేళ్ళుగా పాఠాలు చెబుతున్న నేను ఈ పాఠం ఇవాళ నేర్చుకున్నాను. మీ తరగతుల్లో ఇంకెందరు దుర్గలున్నారో, కాస్త చూసి చెప్పండి.