మెడ దగ్గర ఆగిన ఫొటో

దసరాకి ముందు శనివారం, సాయంత్రం. ఉన్నవాళ్లు: నేను, మా అమ్మ, పక్క క్వార్టర్ అక్క, బట్టల కొట్టు సేఠ్. నా చిన్నప్పుడు, డైరీ రాయడం మొదలుపెట్టిన కొత్తలో, ఆ రోజు గురించి ఇంతే రాసుకున్నాను. మిగతాది రాయడానికి అప్పుడు మనసొప్పలేదు.

అప్పట్లో మేం దుర్గ్ దగ్గర, ఉక్కు ఫ్యాక్టరీ వాళ్ల రిసాలి క్వార్టర్లలో ఉండేవాళ్లం. పక్కింటి అక్క వాళ్లదీ మాలాగే విజయనగరం వైపు. ఆవిడ దుర్గ్‌లో ఒక స్టూడియోలో పని నేర్చుకుని, బట్టల కొట్లకి చీరల ఫొటోలు తీసేది. మా చుట్టుపక్కల ఆ పనిలోకి దిగిన మొదటి ఆడపిల్ల ఆవిడే. రంగుల తెరలు, ప్లాస్టిక్ పూలు ఆవిడకి గిట్టేవి కావు. పొద్దుటి ఎండలో, పెరట్లో బట్టలారేసే తీగ దగ్గర మనిషిని నిలబెట్టేది. నవ్వమని అడిగేది కాదు. ఏదో పని చెప్పి, మనిషి ఆ పనిలో పడ్డాక తీసేది.

నేను నలుపు. స్కూల్లో నన్ను బొగ్గు అని వెక్కిరిస్తూ 'కోయలా' అని పిలిచేవారు. అందుకే అక్క వచ్చి, "ఏటే, దసరా చీరకి నిన్నే తీస్తాను. బజారంతా నీ మొహం సూడాల!" అన్నప్పుడు ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. అమ్మని ఎలా ఒప్పించిందో తెలీదు, మొదట కసిరిన అమ్మే దగ్గరుండి నాకు కుచ్చిళ్లు సర్దింది. అక్క తడి దుప్పటి విదిలించమంటే తలెత్తి విదిలించాను. మర్నాడే క్లాసంతటికీ చెప్పేశాను, సేఠ్ కొట్టు ముందరి అద్దంలో నా ఫొటో చూడమని.

శనివారం ఆ ఫొటో అద్దంలో పెట్టారు. చెయ్యి, భుజం, గాలికి లేచిన పైట, దాని మీద ఎండ. మెడ దగ్గర ఆగిపోయింది.

"ఇదేటే, మా పిల్ల మొహమేదే?" అంది అమ్మ.

"అదే గదా పిన్నీ అందం! మొహం లేపోతే, సూసిన ప్రతి ఆడదీ అక్కడ తన మొహం ఊహించుకుంటాది," అంది అక్క.

సేఠ్ "వాహ్ బేటీ" అన్నాడు. కాసేపు చూసి అమ్మ కూడా తలూపింది. సోమవారం క్లాసులో ఏం చెప్పాలా అని నేను అక్కడే నిలబడిపోయాను.

తర్వాత అక్క పేరు రాయపూర్, నాగపూర్ దాకా పోయింది. ముఖం లేని ఆ ఫొటోలే ఆవిడ పద్ధతి అయ్యాయి. పత్రికల వాళ్లు అడిగినప్పుడల్లా, ఆ రోజు అమ్మకి చెప్పిన జవాబే చెప్పింది. చదివిన వాళ్లు మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఫొటో పెట్టిన మర్నాడు, ఆదివారం పొద్దున గుర్తొచ్చేది.

ఆ పొద్దున నేను అక్క వాళ్ల పెరట్లోకి వెళ్లి, నిజం చెప్పక్కా అని అడిగాను. ఆవిడ నా వైపు చూడలేదు.

"పిల్ల నల్లగుంది, తల తీసెయ్, లేపోతే ఫొటో ఒద్దన్నాడు సేఠ్. కత్తిరించీసేను. అక్కడ మీ అమ్మకేం సెప్పాలో తోచక ఆ మాటన్నాను."

లోపలికెళ్లి కెమెరా పట్టుకొచ్చింది. "రాయే, నీ మొహం ఒక్కటే తీసిస్తాను. నీకే."

వద్దన్నాను. మా ఇంట్లోకి వచ్చి తలుపు గడియ పెట్టుకున్నాను. ఆవిడ చాలాసేపు పిలిచింది, నేను తియ్యలేదు. కత్తెర పట్టమన్న సేఠ్‌ని ఎప్పుడో మర్చిపోయాను. సరేనన్న అక్క మీద కోపం మాత్రం ఈ వయసులోనూ ఉంది. ఎవరైనా ఒక పనికి మరీ అందమైన కారణం చెబితే, నేను ఇప్పటికీ వెంటనే తలూపను. మర్నాడు పొద్దున, వాళ్లు ఒక్కరే ఉన్నప్పుడు మళ్లీ అడుగుతాను.