మన గుర్తు ఏది?

కేక మేస్త్రి గొంతు సవరించుకుంటే పక్కవీధిలో ఉయ్యాలలో పడుకున్న పిల్ల లేస్తుందని చెప్పుకునేవాళ్ళు. అది కొంచెం ఎక్కువ చేసి చెప్పడమే. లేచేది ఎదురింటి పిల్ల.

ఆ గొంతు ఊరికే రాలేదు. సరుకుల యార్డులో తూర్పు గేటు దగ్గర పనిచేసే నలభై రెండు మంది హమాలీలకు ఆయన మేస్త్రి. సిమెంటు బస్తా, పిండి బస్తా ఎవరికి వాళ్ళు వీపున వేసుకుని పోయేవే, వాటికి కేక అక్కర్లేదు. చెక్కపెట్టెల్లో వచ్చే యంత్రాల సంగతి వేరు. ఆరుగురు చుట్టూ చేరి పట్టాలి. ఆరుగురూ ఒక్కసారే ఎత్తకపోతే ఎవడో ఒకడి నడుము పోతుంది. అందుకని మేస్త్రి "బరువెవరిది?" అని కేకేస్తాడు. ఆరుగురూ "మనదే" అంటూ ఎత్తుతారు. 'దే' అనేసరికి పెట్టె నేల వదలాలి. 'మ' దగ్గరే లాగినవాడు తొందరమనిషి. 'దే' అయిపోయాక లాగినవాడు దొంగ. ఒక్క రోజు వింటే చాలు, నలభై రెండు మందిలో ఎవడెటువంటివాడో మేస్త్రికి తెలిసిపోయేది.

పద్దెనిమిదో ఏట తండ్రి స్థానంలో ఆ గేటు దగ్గరికి వచ్చాడు. పెట్టెకు అటుపక్క ఎప్పుడూ ఒకడే ఉండేవాడు. భుజాలు తలుపంత వెడల్పు, నవ్వితే కళ్ళు కనపడవు. ఆరేళ్ళు ఎదురెదురుగా నిలబడి మోశాక అతను తన చెల్లెల్ని మేస్త్రికిచ్చి పెళ్ళి చేశాడు. "ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా బరువు నా వైపు నెట్టలేదు. మా చెల్లెలి మీదికీ నెట్టడు" అని అందరికీ చెప్పాడు. అప్పటినుంచి ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటున్నారు.

ఆ ఇంట్లో పార్టీలకు పేర్లు లేవు. తాళంచెవి గుర్తుది మన పార్టీ. నిచ్చెన గుర్తుది వాళ్ళ పార్టీ. పిల్లలకు మాటలొచ్చేనాటికే ఈ తేడా వచ్చేసేది. దానికి కారణం లేకపోలేదు. ఒకప్పుడు ప్లాట్‌ఫారం మీద కప్పు లేదు, వానొస్తే గోనెపట్టా ముసుగేసుకుని మోయాల్సిందే. తాగడానికి కుళాయి లేదు. పని ఎన్ని గంటలని అడిగే దిక్కు లేదు. తాళంచెవి పార్టీవాళ్ళు వచ్చి కూలీలతోపాటు పదకొండు రోజులు గేటు ముందు కూర్చున్నారు. కప్పు వచ్చింది, కుళాయి వచ్చింది, గంటల లెక్క వచ్చింది. కప్పు రేకుల మీద తాళంచెవి బొమ్మలు కూడా వచ్చాయి. మధ్యాహ్నం తిండి తిని ప్లాట్‌ఫారం మీద వెల్లకిలా పడుకుంటే మేస్త్రికి కనపడేవి అవే.

ఆ పదకొండు రోజుల్లోనే ఆయన గొంతుకు రెండో ఉద్యోగం దొరికింది. బరువెత్తే కేక వరసలోనే "మన గుర్తు ఏది?" అని అరిచాడు. జనం "తాళంచెవి!" అన్నారు. ముప్ఫై ఏళ్ళు, ఎన్ని ఎన్నికలొచ్చినా ఊరేగింపుకు ముందు ఆ కేక, వెనక ఆ జవాబు. భార్యకు వంటింట్లోకి వినపడేది. వింటూ పని చేసుకునేది.

వెడల్పు భుజాల బావను పార్టీ కౌన్సిలర్ని చేసింది. రెండుసార్లు గెలిచాడు. మొదటిసారి గెలిచినప్పుడు గేటు దగ్గరికి వచ్చి బస్తాలు లాగే తన కొక్కేన్ని గోడకు తగిలించి, "ఇది ఇక్కడే ఉండనివ్వండి, నేనెక్కడివాణ్ణో నాకు గుర్తుండాలి" అన్నాడు. కొక్కెం అక్కడే ఉంది. తుప్పు పట్టింది.

మళ్ళీ ఎన్నికలు రావలసిన ఏడు, యార్డు ఊడ్చే చీపురు పిన్ని ఒక కాగితం పట్టుకొచ్చింది. ఆఫీసు గోడకు అంటించినది, జిగురు ఆరకముందే పీక్కొచ్చింది. పడమటి గేటు దగ్గర ఎత్తే యంత్రాలు పెడతారట. తూర్పు గేటు మూసేసి అక్కడ రోడ్డు వేస్తారట. కౌన్సిల్‌లో తీర్మానం అయిపోయిందట.

"చేతులెత్తినవాళ్ళ జాబితా కింద ఉంది, చూడు. నాలుగో పేరు నీ బావమరిదిది" అంది పిన్ని.

మేస్త్రి ఆ సాయంత్రమే కౌన్సిలరు ఇంటికి వెళ్ళాడు. చెప్పులు కూడా విప్పలేదు.

"తూర్పు గేటు మూస్తే మనవాళ్ళేం కావాలి బావా?"

"అది రోడ్డు కాగితం బావా. గేటు సంగతి అందులో ఎక్కడో లోపలుంది."

"చదవలేదా?"

"పార్టీ ఎత్తమంది, ఎత్తాను. అందరం ఎత్తాం."

"అక్కడ 'బరువెవరిది' అని అడిగేవాడు లేడన్నమాట" అని మేస్త్రి వచ్చేశాడు.

వారం తిరక్కుండానే నిచ్చెన పార్టీ అభ్యర్థి కబురు పెట్టింది. ఆవిడది నట్లు, బోల్టుల దుకాణం. ఏ బోల్టుకు ఏ నట్టో చూడకుండా చేత్తో తడిమి చెప్పేస్తుంది. తూర్పు గేటు మూయనివ్వనని మాటిచ్చింది. తూర్పు గేటువాళ్ళంతా మీటింగుకు రావాలి, మేస్త్రి కేక ఇవ్వాలి. అదీ ఒప్పందం.

మేస్త్రి మర్నాడు పొద్దున ప్లాట్‌ఫారం మీద నిలబడి, "గేటు నిలవాలంటే ఈసారి నిచ్చెన. ఆదివారం అందరూ రావాలి" అని చెప్పాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన చెప్పినట్టే వేశారు. ఎవరూ ఏమీ అనలేదు. 'సందేహం' అని పిలవబడే ముసలి హమాలీ ఒక్కడే నోరు తెరవబోయి, దగ్గొచ్చి ఊరుకున్నాడు.

మేస్త్రి భయమంతా తన నోటి గురించే. అలవాటున నోరు జారుతుందేమోనని నాలుగు రోజులు స్నానాలగదిలో సాధన చేశాడు. బక్కెట్టు మీద చెయ్యేసి "మన గుర్తు ఏది? నిచ్చెన. మన గుర్తు ఏది? నిచ్చెన."

"ఏమయ్యా, బక్కెట్టు పార్టీ మారిందా? లేకపోతే ఇంకో రెండు చెంబులు పోసుకో" అని బయటినుంచి భార్య అడిగింది.

"నీకు ఎగతాళిగా ఉందా?"

"మా అన్న మీద పోటీకి దిగి, ఇంట్లో నన్నొక్క మాట అడగకుండా సబ్బునురగకు చెప్పుకుంటున్నావు. ఎగతాళి కాక ఏముంటుంది?"

ఆదివారం మైదానం నిండింది. తూర్పు గేటువాళ్ళు నలభై రెండు మందీ ముందు వరసల్లోనే కూర్చున్నారు, పెళ్ళాంపిల్లలతో సహా. కొత్త జెండాలు చేతిలో పట్టుకుని, కొత్త చెప్పులు తొడుక్కున్నవాళ్ళలా ఇబ్బందిగా కదులుతున్నారు. బోల్టుల దుకాణం ఆవిడ వేదికెక్కింది. చేతిలో కాగితాలున్న ఒక మనిషి మైకు తెచ్చి మేస్త్రికిచ్చాడు. మైకు వద్దని మేస్త్రి చేత్తోనే చెప్పి, ఊపిరి నిండా పీల్చి కేకేశాడు.

"మన గుర్తు ఏది?"

"తాళంచెవి!"

నూటయాభై గొంతులు. ఒక్కసారే, ఒక్క వరసలోనే, 'వి' దగ్గర ఒక్కసారే ఆగాయి. పెట్టె ఎత్తితే అంత బాగా లేచేది.

 మూడో వరసలో ఎవరో ఆలస్యంగా "నిచ్చెన" అన్నారు, తప్పు ఒప్పుకుంటున్నట్టు. చిన్నపిల్లలు కిలకిలా నవ్వారు. మేస్త్రి నోరు జారలేదు. తన నోటికి తాళం వేసుకున్నాడు గానీ వాళ్ళ నోళ్ళ సంగతి ఆయనకు తట్టనే లేదు.

వేదిక మీద ఆవిడ ముందు తెల్లబోయింది, తర్వాత కొంచెం నవ్వింది. కాగితాల మనిషి నవ్వలేదు. మేస్త్రి చెవి దగ్గరికి వచ్చి, "రేపట్నుంచి మీకు శ్రమ వద్దులెండి. రికార్డు పెట్టిస్తాం" అన్నాడు.

అంతవరకు ఆ గొంతును ఎక్కడా ఎవరూ వద్దనలేదు. మేస్త్రి ఇంటికొచ్చి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. గొంతు బాగాలేదేమోనని భార్య వేడినీళ్ళిచ్చింది. తాగాడు.

తెల్లారేసరికి కౌన్సిలరు బావ గుమ్మంలో ఉన్నాడు. నవ్వుకు కళ్ళు కనపడటం లేదు.

"విన్నాను బావా, మా వీధిదాకా వినపడింది. పార్టీ మార్చావు గానీ మనవాళ్ళ పీక మార్చలేకపోయావు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. గురువారం మన మీటింగు, వచ్చి నీ కేక నువ్వు ఇచ్చుకో. జరిగింది నేను మర్చిపోతాను."

"గేటు?"

"గెలిచాక కూర్చుని మాట్లాడదాం."

"కూర్చోవడం నీకలవాటయింది. మేం నిలబడే మోస్తాం. గేటు సంగతి చెప్పు."

లోపలినుంచి అతని చెల్లెలు టీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. పెట్టి వెళ్ళిపోలేదు.

"అన్నయ్యా, కౌన్సిల్‌లో చెయ్యెత్తేటప్పుడు తూర్పు గేటువాళ్ళలో ఎవర్నడిగావు?"

"పార్టీ నిర్ణయమమ్మా అది."

"సరే. ఈయన నలభై రెండు మందినీ తీసుకెళ్ళి నిచ్చెనెక్కించేటప్పుడు ఎవర్నడిగాడో తెలుసా?"

"ఎవర్ని?"

"ఎవర్నీ అడగలేదు. ఇద్దరూ ఒక బడిలోనే చదివారుగా. టీ చల్లారిపోతోంది, తాగండి."

మేస్త్రికి కోపం రావలసింది. రాలేదు. ఆ మాట చొక్కాలో దూరిన గోనెపీచులా పని చేస్తున్నంతసేపూ వీపున గుచ్చుకుంటూనే ఉంది. ముప్ఫై ఏళ్ళుగా "మన గుర్తు ఏది?" అని అడుగుతున్నానే అనుకున్నాడు. అది అడగడం కాదు. జవాబు చేతిలో పెట్టుకుని, చెయ్యి చాపమనడం.

మధ్యాహ్నం తిండి గిన్నెలు మూసేసరికి ఆయన అందరి మధ్యా వచ్చి చతికిలబడ్డాడు. మామూలుగా నిలబడి మాట్లాడేవాడు.

"మన గుర్తు ఏది?" అన్నాడు. కేక కాదు, టైమెంతయిందని అడిగినట్టు.

అందరూ ఇదేదో పరీక్ష అనుకున్నారు.

"నిజంగానే అడుగుతున్నాను. నాకు తెలియదు."

'సందేహం' గొంతు సవరించుకున్నాడు. "నన్నడిగితే తాళంచెవే. నా తలమీద కప్పేసింది వాళ్ళు. బావమరిది చేసిన తప్పుకు నా కప్పును తిట్టను."

"కప్పు వేసింది పాతవాళ్ళు. ఇప్పుడున్నవాళ్ళు కప్పు కింద మనల్ని లేకుండా చేస్తున్నారు. నేను నిచ్చెనే" అన్నాడొకడు.

"నేను పోయినసారే నిచ్చెనకేశాను మేస్త్రీ, నీకు చెప్పలేదు" అన్నాడింకొకడు. పక్కవాడు "నేనూ" అన్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అయిదేళ్ళుగా ఒకే పెట్టె పట్టుకుంటున్నారు.

"నేనసలు ఎప్పుడూ వెయ్యలేదు, వేలికి సిరా పెడితే దురద" అన్నాడు ఒక మూల కూర్చున్నవాడు. అందరూ నవ్వారు.

చీపురు పిన్ని చీపురును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఏరా మేస్త్రీ, పోట్లాడుకోకుండా ఒక మాట వినండి. నిన్నటిదాకా మీరందరూ నిచ్చెనవాళ్ళన్నారు. తాళంచెవాయన ఇటు తొంగిచూడలేదు. మీటింగులో తాళంచెవి అన్నారు. వెంటనే నిచ్చెనవాళ్ళు మొహం చాటేశారు, ఆయన పొద్దున్నే టీకొచ్చాడు. గోడమీది పిల్లిని అందరూ తిడతారు గానీ, రెండిళ్ళవాళ్ళూ పాలు చూపించేది దానికే. మీ ఓట్లు ఎటో మీకే తెలియనప్పుడు వాళ్ళకెందుకు చెప్తారు?"

గుంపుగా ఏ జెండా పట్టకూడదని ఆ పూట అనుకున్నారు. ఎవరికి నచ్చినట్టు వాళ్ళు వేస్తారు. ఎవరొచ్చినా గేటు దగ్గరికే రావాలి, గేటు సంగతి కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. ముందు బోల్టుల దుకాణం ఆవిడ వచ్చింది, కాగితాల మనిషి లేకుండా. తూర్పు గేటు మూయను అని సొంత దస్తూరీతో రాసింది. అది విని కౌన్సిలరు బావ పరుగెత్తుకొచ్చాడు. తీర్మానం తిరగదోడిస్తాను అని రాసి, సంతకం పెట్టేముందు గోడమీది తన కొక్కెం వంక చూసి కాసేపు ఆగాడు. తర్వాత పెట్టాడు. ఆ రెండు కాగితాలూ మేస్త్రి భార్య ఒకే డబ్బాలో దాచింది.

ఆ ఎన్నికల్లో మేస్త్రి గొంతు ఎక్కడా వినపడలేదు. ఎదురింటి పిల్ల హాయిగా నిద్రపోయింది.

బోల్టుల దుకాణం ఆవిడ నూటపది ఓట్ల తేడాతో గెలిచింది. పడమటి గేటుకు యంత్రాలొచ్చాయి. తూర్పు గేటును మూయలేదు, అలాగని బాగూ చేయించలేదు. సరుకు కొంత తగ్గింది. నలభై రెండులో ముగ్గురు పడమటి వైపు యంత్రం పనిలోకి వెళ్ళారు, మిగతావాళ్ళు ఉన్నారు. ఆవిడ రాసిన కాగితాన్ని మేస్త్రి మూడు నెలలకోసారి దుకాణానికి తీసుకెళ్ళి ఆవిడకు చూపిస్తాడు. ఆవిడ ప్రతిసారీ "మర్చిపోలేదు మేస్త్రీ" అంటుంది. "నేనూ మర్చిపోలేదమ్మా" అని వచ్చేస్తాడు.

ఓడిపోయిన బావ నెలరోజులు ఇల్లు కదల్లేదు. ఒకరోజు ఏమీ తోచక గేటు దగ్గరికి వచ్చాడు. అప్పుడే ఒక చెక్కపెట్టె దిగింది, పట్టడానికి ఒక మనిషి తక్కువయ్యాడు. ఎవరూ పిలవలేదు. చొక్కా చేతులు మడిచి తన పాత చోట నిలబడ్డాడు. మేస్త్రి చూశాడు, వద్దనలేదు.

"బరువెవరిది?"

"మనదే!"

బావ సరిగ్గా 'దే' దగ్గరే ఎత్తాడు. కాకపోతే పదేళ్ళు కుర్చీలో ఉన్న నడుమది. మూడు రోజులు వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెట్టాల్సి వచ్చింది. పెట్టింది చెల్లెలే, తన ముందుగదిలో బోర్లా పడుకోబెట్టి. ఆ పక్కనే కూర్చుని మేస్త్రి టీ తాగుతున్నాడు.

"ఇంతకీ అమ్మాయ్, నువ్వు ఎవరికేశావు?" అని బావ తలగడలోంచి అడిగాడు.

మేస్త్రి గ్లాసు దించాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయనకు తట్టని ప్రశ్న అది. జవాబు కోసం ఆయన కూడా భార్య వంక చూశాడు.

"అడగడం ఇప్పుడొచ్చిందా ఇద్దరికీ?" అంటూ ఆవిడ గుడ్డ పిండి, మళ్ళీ వేడినీళ్ళలో ముంచింది. "కదలకు అన్నయ్యా, కాలుతుంది."