రెండో అంతస్తులో గోమాత

మా అక్క గృహప్రవేశంలో నేను చేసిన నిర్వాకం వింటే, మీ ఇంటి శుభకార్యానికి నన్ను గేటు దాకా కూడా రానివ్వరు. అయినా చెప్తాను, చెప్పకపోతే నాకు అన్నం సహించదు.

అక్కావాళ్లు నల్లపాడులో ఫ్లాటు కొన్నారు, రెండో అంతస్తు. కొత్తింట్లో ముందు గోమాత అడుగుపెట్టాలి కదా. "ఆవునీ దూడనీ కలిపి తీసుకురారా," అంది అక్క. మూడు వీధుల అవతల పాలు పోసే మస్తాన్ గారిని అడిగితే, "శుభకార్యానికి కాదంటానా? దూడని కూడా తీసుకెళ్లు బాబూ, అది లేకపోతే ఇది మాట వినదు," అన్నారు.

నాకు తెలివి ఎక్కువ. "దూడెందుకండీ, కొత్త టైల్స్ మీద గంతులేస్తుంది," అని తల్లినొక్కదాన్నే తోలుకొచ్చాను.

బెల్లం చూపిస్తే చకచకా మెట్లెక్కింది. అక్క పసుపూ కుంకుమా పెట్టింది, పంతులు గారు నన్ను మెచ్చుకున్నారు, నేను కాలరెగరేశాను. దిగమన్నప్పుడు మాత్రం కిందికి ఓసారి చూసి నాలుగు కాళ్లూ బిగించేసింది.

"తొయ్యరా," అన్నాడు బావ.

"తోస్తే జారి పడదూ? ఇంట్లో చేరిన రోజే గోహత్యా పాతకమా మాకు?" అంది అక్క. ఆమె కళ్లలో నీళ్లు.

"గోనెసంచులు పరుద్దాం, జారదు," అన్నాను. మిర్చి యార్డు నుంచి సంచులు తెచ్చి, శుభ్రంగా ఉండాలని మెట్ల దగ్గరే దులిపాను. పంతులు గారు తుమ్మారు. బావ తుమ్మాడు. చివరికి ఆవు కూడా తుమ్మింది.

"శుభమా అంటూ ఇంట్లో చేరుతుంటే ఈ తుమ్ములేమిటి నాయనా," అన్నారు పంతులు గారు. ఆవు విసుగొచ్చి అక్క బెడ్‌రూమ్‌లోకి వెళ్లి పడుకుంది.

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటారు. మా ఆవు రెండో అంతస్తులో ఉంది, దూడ మూడు వీధుల అవతల ఉంది. సిగ్గు చంపుకుని మస్తాన్ గారికి ఫోన్ చేశాను.

ఆయన తిట్టలేదు. దూడని ఆటోలో తెచ్చి, కింద బావ చేతికిచ్చి, పైకొచ్చి ఘాటు లేవకుండా సంచులు తడిపించి మెట్ల మీద పరిపించారు. కింద దూడ "అంబా" అంది. ఆవు దిగ్గున లేచింది. ఆయన పలుపు పట్టుకుని, "మెల్లగా తల్లీ, మెల్లగా," అంటుంటే ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగి, దూడని నాకడం మొదలెట్టింది. అక్క మెట్ల మీదే కూలబడి నవ్వేసింది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

వెంటనే ఆవు తోక కళ్లకద్దుకుని, అందరూ వింటుండగా ప్రమాణం చేశాను: "ఇకమీదట ఏ శుభకార్యానికైనా బిడ్డని వదిలి తల్లినొక్కదాన్నే పిలవను."

తోక విదిలించి చెంప మీద ఒక్కటిచ్చింది.

"అది నమ్మట్లేదు బాబూ," అన్నారు మస్తాన్ గారు.