ఏ4 కాగితంలో సగమైన చేలు

2006 వేసవిలో నన్ను ఆళ్లగడ్డలో సర్వే డ్రాఫ్ట్స్‌మన్‌గా వేశారు. నల్లమల అంచు గూడెంలో పద్నాలుగు చెంచు కుటుంబాల చేలకు కంప్యూటర్లో పటం గీయడం నా పని. అది వెక్టర్ పటం. అందులో చుక్కలుండవు, కొలతలతో గీసిన గీతలుంటాయి. ఎంత పెంచినా, ఎంత తగ్గించినా గీత చెదరదు. ఏ3 కాగితం మీద అయిదు సెంటీమీటర్లంటే నేల మీద వంద మీటర్లని స్కేలు పెట్టాను.

మా అధికారి నంద్యాలలో ఒకరోజు శిక్షణకు పోయి, సర్వజ్ఞుడై తిరిగొచ్చారు. ఫైలును బ్రౌజర్‌లో తెరిచి ప్రింటు కొడితే చాలన్నారు. కాగితం సైజు చూడాలని, పటాన్ని కాగితానికి తగ్గట్టు కుదించే ‘పేజీకి సరిపెట్టు’ అన్న టిక్కు తీసేయాలని చెప్పాను.

"నువ్వు పాతకాలం మనిషివప్పా. దానికి అన్నీ తెలుసు," అన్నారు.

నంద్యాల నెట్ సెంటర్‌లో తానే ప్రింటు తీయించుకొచ్చారు. పటం ఏ4 మీద ముద్దుగా వచ్చింది. నెత్తిన తేదీ, కింద ఫైలు చిరునామా కూడా అచ్చయ్యాయి. వాటి మీదే సంతకం, సీలు పడ్డాయి. గుమాస్తా ఆ కాగితం మీద కొలబద్ద పెట్టి, ఏ3 లెక్కతోనే విస్తీర్ణాలు కట్టి, పట్టాలు రాశాడు.

గూడెంలో పట్టాలు చదువుతుంటే లింగమ్మ అనే పెద్దామె లేచింది. ఆమె రెండెకరాలు ఎకరమైంది.

"కొలిచిన దినం గొలుసు కొన నేనే పట్టుకుంటి గదప్పా. చేను ఆడనే ఉండాది. సగం యాడికి పాయె?"

"కంప్యూటర్ లెక్క తప్పదమ్మా," అన్నారు అధికారి.

"అట్లయితే కంప్యూటర్‌నే వచ్చి దున్నుకోమను."

నేను కొలతలు రాసుకున్న ఫీల్డు పుస్తకం తీసి, వంద మీటర్లున్న ఆమె చేను గట్టును పటం మీద కొలిచాను. అయిదు సెంటీమీటర్లు ఉండాల్సింది మూడున్నర ఉంది. పొడవూ వెడల్పూ అలా కుంచించుకుపోతే విస్తీర్ణం సగమవుతుంది. పద్నాలుగు ఇళ్లదీ అదే కథ. అక్కడే ఆ మాట చెప్పాను. అధికారి పట్టాలు వెనక్కి తీసుకున్నారు.

మర్నాడు నాకు మెమో వచ్చింది, ముందే ఎందుకు హెచ్చరించలేదని. హెచ్చరించానని రెండు వాక్యాల్లో జవాబిచ్చి నంద్యాల బస్సెక్కాను. అదే నెట్ సెంటర్, అదే బ్రౌజర్. ఏ3 కాగితం పెట్టించి, టిక్కు తీయించి, నూరు శాతం సైజులో ప్రింటు తీయించాను. గట్టు కొలత సరిపోయాకే దుకాణం దిగాను. లింగమ్మకు రెండెకరాల పట్టా అందింది. చిన్న సవరణతో బ్రౌజర్ పద్ధతి విజయవంతమైందని అధికారి పైకి రాసుకున్నారు.

ఆ తర్వాత స్కేలును అంకెల్లో మాత్రమే రాసి నేను ఏ పటమూ పంపలేదు. పక్కన వంద మీటర్లు ఎంత పొడవో చూపే కొలబద్ద గీత కూడా గీసేవాణ్ణి. కాగితం మారితే అంకె మారదు, ఆ గీత మాత్రం పటంతో పాటే తగ్గుతుంది. అచ్చయిన పటం మీద తెలిసిన గట్టు ఒకటి కొలిచి చూశాకే దాన్ని సంతకానికి పెట్టాలి.